వేయి ఆమడల దారి: హైదరాబాదు నుండి షికాగో వరకు



నేటి ప్రసంగమునకు విషయము చూచుటకు మిక్కిలి చిన్న ప్రశ్న. "అమెరికా ఇచ్చటి కెంత దూరము?" అని మన యూళ్ళలో నెవరినైన నడిగినచో మైళ్ళలో గాని కిలోమీటర్లలో గాని జవాబు చెప్పువా రరుదు. "ఒక పగలు, ఒక రాత్రి" అని యొకరు, "ఇరువది గంటలు" అని వేఱొకరు, "నడుమ నొకచోట విమానము మాఱవలెను" అని మఱియొకరు చెప్పుదురు. దూరమును కాలముతో కొలుచుట మనకు నేడలవాటైనది. ఆ కొలత యెట్లు పుట్టినది, అందు నిజమెంత, అది మనలను మోసపుచ్చు చోటు లెవ్వి యను సంగతులను గూర్చి కొంచెము ముచ్చటింపవలెనని నా తలంపు.

ఉదాహరణమునకు నర్సాపూరును తీసికొందము. గోదావరి సముద్రమున కలియు చోటనున్న నరసాపురము కాదు. మెదకు జిల్లాలో, హైదరాబాదునుండి మెదకునకు పోవు బాటమీద, అడవి నానుకొనియున్న నర్సాపూరు. ఈ యూరివారికి విమానము క్రొత్త వస్తువు కాదు. హైదరాబాదు పోవు దారిలోనే దుండిగల్లు వాయుసేనా విద్యాలయ మున్నది. దానికి 1967లో నాటి రాష్ట్రపతి జాకీర్ హుస్సేనుగారు శంకుస్థాపన చేసిరి. విమానము నడుపుట నేర్చుకొను యువకులు ఈ ప్రాంతపు టాకాశమున చక్కర్లు కొట్టుట పొలములోని రైతు దినదినము చూచుచునే యుండును. వానికి మిక్కిలి పైన, తెల్లని గీత గీచినట్లు చప్పుడు లేక సాగిపోవు విమానములు వేఱు. వానిలో కూర్చుండి దూరదేశమునకు పోయిన కొడుకో కోడలో కూతురో ఈనాడు ఈ ప్రాంతములో పెక్కిండ్లకు గలరు. కావున దూరమెంత యను ప్రశ్న ఇచ్చట వేడుకకై యడుగునది గాదు. ఇంటి యక్కఱకై యడుగునది.

మన పూర్వులు దూరమును క్రోసులతోను ఆమడలతోను కొలిచిరి. ఆమడ యొక్కొక్క సీమలో నొక్కొక్క తీరుగా నుండినను, ఎనిమిది మైళ్ళని, అనగా సుమారు 13 కిలోమీటర్లని యెంచుట వాడుక. ఆ లెక్కను నర్సాపూరునుండి హైదరాబాదు నాలుగామడలు. ఎడ్లబండి దినమునకు రెండామడలు నడచునని యనుకొన్నచో రెండు దినముల ప్రయాణము. నడుమ నొక రాత్రి బస. నేడు బస్సులో గంటన్నర, రెండు గంటలు. దూరము మాఱలేదు, మన కాలు మాఱినది. ఇదే లెక్కలో షికాగో నగరము హైదరాబాదునకు వేయి ఆమడలకు కొంచెము పైబడును. కిలోమీటర్లలో జెప్పినచో భూగోళముమీద అతి దగ్గఱి దారిని కొలిచినను 13,280 వఱకుండును. ఎడ్లబండికి సముద్రము లడ్డురాకున్నను ఇది యేడాదిన్నర దారి!

ఈ రెండు నగరముల నేల యేఱుకొంటిననగా, వీని మధ్య దూరమును దాటుటయందు మన తెలుగునాటికి జ్ఞాపక ముంచుకొనదగిన చరిత్ర యొకటి గలదు. 1893వ సంవత్సరము ఫిబ్రవరి 13వ తేదీన సికిందరాబాదులోని మహబూబ్ కళాశాలయందు వివేకానందస్వామి యొక యుపన్యాస మిచ్చిరి. తాము పశ్చిమదేశములకు పోదలచిన కార్యమును గూర్చియే యందు జెప్పిరి. ఆ యేడే మే 31న బొంబాయిలో ఓడ యెక్కిరి. కొలంబు, సింగపూరు, హాంకాంగు, జపాను రేవులు దాటి, యోకహామాలో వేఱొక యోడ యెక్కి, పసిఫిక్ మహాసముద్రము గడచి, జులై 25న కనడా తీరమున వాంకూవరులో దిగిరి. అచ్చటినుండి రైలు. జులై 30న షికాగో చేరిరి. బొంబాయి విడిచిన నాటినుండి లెక్కింప సరిగా రెండు నెలలు. నడుమ కొన్ని పట్టణములలో దిగి చూచిన దినములు నందు చేరియున్నవి. ఐనను ఆ కాలమున నాతురపడి పోయినవానికి సైతము వారములకొలది పట్టక తప్పునది కాదు.

ఇంగ్లండు దారి దీనికంటె కొంత తేలిక. 1869లో సూయజు కాలువ తెఱచిన పిమ్మట ఆఫ్రికాఖండమును చుట్టివచ్చు శ్రమ తప్పెను. 1931లో మహాత్మాగాంధీగారు రౌండుటేబిలు సభకు పోవుటకై ఆగస్టు 29న బొంబాయిలో ఓడ యెక్కి సెప్టెంబరు 12న లండను చేరిరి. అనగా రెండు వారములు. అప్పటికే గాలిలో దారులు పడుచుండెను. 1932 అక్టోబరు 15న జె. ఆర్. డి. టాటాగారు ఉత్తరముల సంచులతో కరాచీనుండి బొంబాయికి చిన్న విమానము నడిపిరి. 1945లో హైదరాబాదు సంస్థానమున డెక్కన్ ఎయిర్‌వేసు స్థాపింపబడి, మఱుసటి యేటినుండి బేగంపేటనుండి డకోటా విమానములను నడపెను. 1953లో విమానసంస్థలను జాతీయము చేసినపుడు అదియు ఇండియన్ ఎయిర్‌లైన్సులో కలిసిపోయెను. 1948 జూన్ 8న బొంబాయినుండి బయలుదేరిన "మలబారు ప్రిన్సెస్" అను విమానము కైరో, జినీవాలలో దిగుచు జూన్ 10న లండను చేరెను. రెండు వారములు రెండు దినములైనవి.

ఇక 2021 జనవరి 15న ఎయిరిండియా సంస్థ హైదరాబాదునుండి షికాగోకు నడుమ నెచ్చటను దిగని విమానమును నడుప నారంభించెను. పయనము 15 మొదలు 17 గంటలు. 1893లో రెండు నెలలు. 128 యేండ్లకు 16 గంటలు! ఆ నేరుబాట విమానము కొంతకాలము నడచి నిలిచిపోయినది. ఐనను మనుష్యుడు చేయగల వేగమునకు అది యొక కొలబద్దగా నిలిచినది.

ఇప్పుడు దారిని గూర్చి. భూపటమును గోడకు వ్రేలాడదీసి చూచిన బాలుడు, షికాగో పోవుటకు హైదరాబాదునుండి పడమటికి, అరేబియా, ఐరోపా, అట్లాంటిక్ సముద్రము మీదుగా పోవలెనని చెప్పును. పటము బల్లపరుపుగ నుండుటచే గల్గిన భ్రమ యిది. భూమి బంతివంటిది గదా. ఒక బత్తాయి పండు తీసికొని, దానిపై నీవలి వైపున నొక చుక్కయు, దాదాపు దాని కెదురుగా నావలి వైపున నొక చుక్కయు పెట్టుడు. రెండు చుక్కలను తొడిమకు దాపుననే యుంచుడు. ఒక దారమును బిగియలాగి యా చుక్కలను కలుపుడు. దారము పండు నడుమును చుట్టిపోదు. తొడిమ ప్రక్కగా పోవును. ఆ తొడిమయే ఉత్తరధ్రువము. హైదరాబాదునుండి షికాగోకు నతి దగ్గఱి దారి పడమరకు గాదు, కొంచెము పడమటికి వ్రాలిన ఉత్తరమునకు. అది మధ్య ఆసియా, రష్యాల మీదుగా సాగి, 79వ ఉత్తర అక్షాంశము దాక నెక్కి, మంచు సముద్రము మీదుగా కనడాలో దిగును. భూమిపై నే రెండు చోట్లకైనను మధ్య దూరము 20,000 కిలోమీటర్లకు మించనేరదు. అంతకు మించినచో ఆవలి వైపునుండి రావచ్చును గదా! షికాగో దూరము దానిలో మూడింట రెండు వంతులు.

పెద్ద విమానము గంటకు సుమారు 900 కిలోమీటర్లు, అనగా దాదాపు డెబ్బది యామడలు పోవును. 13,280ని 900తో భాగించినచో పదునైదు గంటలకు లోపే తేలవలెను. అట్లు తేలకుండుటకు కారణములు కొన్ని యున్నవి.

మొదటిది, ఎక్కుట దిగుటలు. నేల విడిచి పది పదునొకండు కిలోమీటర్ల యెత్తునకు ప్రాకునంతసేపు, మరల దిగునంతసేపు విమానమునకు పూర్తి వేగ ముండదు.

రెండవది, పర్వతములు. గీచిన దారి మిక్కిలి యెత్తైన పర్వతములను దాటవలసియున్నది. విమానము వానికంటె నెత్తున నెగురునే, భయమేమని యడుగవచ్చును. లోపలి గాలి యొత్తిడి యాకస్మికముగ తగ్గినచో ప్రయాణికులకిచ్చు ప్రాణవాయువు కొలది నిమిషములకే చాలును. ఆ లోపల విమానము మూడు కిలోమీటర్ల యెత్తునకు దిగవలెను. క్రింద నేడెనిమిది కిలోమీటర్ల కొండలున్న యెడల దిగుట కెడమేది? కావున నట్టి చోట్లను తప్పించి చుట్టుదారిని పోవుదురు.

మూడవది, రాజ్యముల తగవులు. ఆకాశమునకు గోడలు లేవని కవులు చెప్పుదురు గాని, విమానములకు గోడలు గలవు. 2022లో యుక్రెయిను యుద్ధము మొదలైన పిదప రష్యా పెక్కు పశ్చిమదేశముల విమానసంస్థలకు తన యాకాశమును మూసివేసెను. 2025 ఏప్రిలులో పాకిస్తాను భారతీయ విమానసంస్థలకు తన యాకాశమును మూసెను. ఎచ్చటనో యిద్దఱు రాజులు తగవులాడిన, నర్సాపూరు బిడ్డ యిల్లు చేరుట కొక గంట యాలస్యమగును.

నాలుగవది, గాలి. మిక్కిలి యెత్తున పడమటినుండి తూర్పునకు ఏఱువలె పాఱు గాలి గలదు. గంటకు నూఱు మొదలు కొన్ని వందల కిలోమీటర్ల వేగముతో నది వీచుచుండును. ఏటికి వాలుగా పోవు పడవకును ఎదురుగా పోవు పడవకును గల భేదమే యిచ్చటను గలదు. హైదరాబాదునుండి లండను సుమారు 7,750 కిలోమీటర్లు. పోవునపుడు పది గంటల వఱకు పట్టును. వచ్చునపుడు దాదాపొక గంట తగ్గును. దారి యదియే, విమాన మదియే; గాలి పక్షము మాఱినది.

ఇచ్చట నొక సందేహమును తీర్చవలసియున్నది. భూమి తనచుట్టు తాను తూర్పునకు తిరుగుచున్నదనియు, మన ప్రాంతమున నా వేగము గంటకు సుమారు 1,600 కిలోమీటర్లనియు బడిపిల్లలందఱు నెఱుగుదురు. అట్లైన విమానము పైకెగిరి కదలక నిలిచియున్నచో క్రింద షికాగో తానే రావలదా యని కొందఱు తెలివిగల పిల్లలడుగుదురు. ప్రశ్న మంచిదే. పోవుచున్న రైలు పెట్టెలో నొక యీగ యెగురుచున్నది. రైలు దానిని విడిచి పోవుచున్నదా? లేదు. పెట్టెలోని గాలి పెట్టెతో కూడ పోవుచున్నది, ఈగ యా గాలిలో నున్నది. అట్లే భూమితో కూడ దాని వాయుమండలమును తిరుగుచున్నది. విమానము నా గాలిలోని యీగయే. కావున భూభ్రమణమువలన మనకు దారి తఱుగదు. తూర్పు పడమరల ప్రయాణకాలమునందు భేదము గల్గించునది గాలియేటి పాఱుదల.

ఐదవది, చమురు. షికాగోకు నడిపిన బోయింగు 777 జాతి విమానము నిండ నింపినచో 1,80,000 లీటర్ల చమురు పట్టును. దూరము పెరిగిన కొలది చమురెక్కువ కావలెను. ఆ చమురును మోయుట కింకను చమురు కావలెను. దూరపు సంతకు పోవు బండి యెడ్లకు వలయు మేతను తానే మోసికొనిపోవునట్లు. మేత యెక్కువైన సరకునకు చోటు తగ్గును. అందుచేతనే నేరుగ పోవు విమానములు తక్కువ, నడుమ దిగి పోవునవి యెక్కువ.

నడుమ దిగి పోవుటవలన దూర మెంత పెరుగునో చూతము. హైదరాబాదునుండి దుబాయి 2,550 కిలోమీటర్లు. దుబాయినుండి షికాగో 11,640. కూడిన 14,190. నేరుదారికంటె 900 కిలోమీటర్లే యెక్కువ, విమానమున కొక గంట పని. కాని కాలము చూడుడు. దుబాయికి నాలుగు గంటలు, అచ్చట వేచియుండుట మూడున్నర గంటలు, అచ్చటినుండి పదునైదున్నర గంటలు, వెరసి 23. దీనికి ముందు నర్సాపూరునుండి శంషాబాదునకు బాట రెండు గంటలు. దుండిగల్లు వద్ద వలయరహదారి యెక్కిన పిదప దారి సుగమమే. 2008 మార్చి 23నుండి ప్రయాణపు విమానములు బేగంపేట విడిచి శంషాబాదుననే దిగుచున్నవి. విమానము కదలుటకు మూడు గంటల ముందుండవలెను. షికాగోలో అధికారుల తనిఖీకిని పెట్టెలు తీసికొనుటకును ఇంకొక రెండు గంటలు. ఇంటి గడప దాటినది మొదలు మొత్తము 30 గంటలు. ఇందు గాలిలో నున్నది పందొమ్మిదిన్నర మాత్రమే. మూడింట నొక వంతు ప్రయాణము నేలమీదనే గడచుచున్నది! కావున "అమెరికా పదునాఱు గంటలు" అనువారు విమానము దూరమును చెప్పుచున్నారు గాని మనుష్యుని దూరమును చెప్పుట లేదు.

ఇక గడియారపు చిక్కు. మన దేశమంతటికి నొకటే కాలము; అది మీర్జాపూరు మీదుగా పోవు 82½ డిగ్రీల రేఖను బట్టి యేర్పడినది. మనము దానికి నాలుగు డిగ్రీలు పడమట నుండుటచే, గడియారము పండ్రెండు కొట్టిన పిమ్మట రమారమి పదునాఱు నిమిషములకు గాని మనకు సూర్యుడు నడినెత్తికి రాడు. షికాగో గడియారము మనకంటె చలికాలమున పదునొకండున్నర గంటలు, వేసవిలో పదిన్నర గంటలు వెనుకబడియుండును. చలికాలమున నొక సోమవారము మధ్యాహ్న మొంటిగంటకు హైదరాబాదులో నెక్కినవాడు పదునాఱున్నర గంటలు పయనించినచో, మనకు మంగళవారము తెల్లవాఱుజామున అయిదున్నర యగును. కాని షికాగోలో నప్పటికి సోమవారము సాయంకాల మాఱే! చూచువారికి అయిదు గంటలలో పోయినట్లుండును. తిరుగు ప్రయాణమున శనివారము రాత్రి తొమ్మిదింటి కెక్కినవాడు పదునైదున్నర గంటలు వచ్చి ఆదివారము నడిరేయి దిగును. పోవునపు డొక దినము లాభము, వచ్చునపు డొక దినము నష్టము వచ్చినట్లు తోచునే గాని, మనుష్యుని యాయువునకు లాభమును లేదు, నష్టమును లేదు. టిక్కెట్టుపై వ్రాసిన వేళలన్నియు నా యా ఊరి వేళలే యని యెఱిగినచో చాలును. ఇది తెలియక తల్లులు కొందఱు, బిడ్డ చేరవలసిన వేళ దాటి పదిగంటలైనను మాట రాలేదని యన్నము ముట్టక కూర్చుందురు. కొడుకు పోయినపుడే యా యూరి కాలమును చూపు గడియార మొకటి యింట మన గడియారము ప్రక్కన పెట్టుకొనుట మంచిది.

శ్రోతలారా, ఇంతవఱకు చెప్పినది విద్యుక్తమైన దూరము. ఇక నిజమైన దూరమును గూర్చి రెండు మాటలు.

మెదకు, నిజామాబాదు, కరీంనగరు సీమలనుండి వేలకొలది మంది కూలిపనులకై గల్ఫు దేశములకు పోయిరి. దుబాయి 2,550 కిలోమీటర్లే. ఢిల్లీ దూరమునకు రెండింతలు. విమానములో నాలుగు గంటలు. గడియారములో గంటన్నర భేదము. షికాగోతో పోల్చిన పొరుగూరే. ఐనను ఆ నాలుగు గంటల దూరమునందున్న తండ్రి రెండేండ్లకు గాని యింటికి రానేరడు. బిడ్డ పుట్టినపుడు పోయినవాడు, ఆ బిడ్డ మాటలు నేర్చి యెదురు ప్రశ్న లడుగు నాటికి తిరిగివచ్చును. సెలవు యజమాని చేతిలో నున్నది. పాస్‌పోర్టు, చట్టము కాదన్నను, పలుచోట్ల యజమాని పెట్టెలోనే యుండును. పోవుటకు చేసిన యప్పు తీఱనిది టిక్కెట్టునకు డబ్బు మిగులదు. అచ్చట చనిపోయినవాని దేహము ఇంటికి వచ్చుటకు పత్రములన్నియు చేకూరవలెను గనుక దినములును, పలుమాఱు వారములును పట్టుచుండును. నాలుగు గంటల దారి!

అమెరికా దారిలోను ఇట్టి యడ్డులే గలవు. అచ్చట నుద్యోగము చేయువాని వీసా ముద్ర గడువు దాటియున్నచో, ఇచ్చటికి రావచ్చును గాని తిరిగి పోవుటకు మరల ముద్ర వేయించుకొనవలెను. దాని కొఱకు నెన్ని దినములు వేచియుండవలయునో యను భయమున, అక్క పెండ్లికి రాలేక తెఱమీద చూచి కన్నీరు పెట్టుకొన్న తమ్ములు గలరు. కావున రెండూళ్ళ నడుమ దూరము మూడు కొలతలు గలది: భూమి కొలత, విమానపు కొలత, సెలవు చీటి కొలత. మొదటిది దేవుడు పెట్టినది, మాఱదు. రెండవదానిని విద్వాంసులు తగ్గించిరి. మూడవది మనుష్యులు పెట్టినది. అది యనేకులకు తగ్గలేదు.

ఈ లెక్క మిక్కిలి కఠినముగ పనికివచ్చు సమయ మొకటి గలదు. చెప్పుటకు శుభము గాకున్నను చెప్పక విడువరాదు. ఇంట పెద్దవారు కాలము చేసినపుడు దూరముననున్న కొడుకు వచ్చువఱకు నిలుపవలెనా, వలదా యను ప్రశ్న పుట్టును. ఆ వేళ నేడ్పుల నడుమ నెవరును లెక్క వేయజాలరు. "విమానమే గదా, రాత్రికి వచ్చివేయును" అని యొకరు, "రేపు ప్రొద్దునకు" అని యొకరు అందురు. నిజము చెప్పుదును వినుడు. షికాగోలో నున్నవాడు వార్త విన్న వెంటనే టిక్కెట్టు దొరకినను, అచ్చటి ఇల్లు విడిచినది మొదలు నర్సాపూరులో ఇంటి వాకిట దిగువఱకు 28 గంటలకు తగ్గదు. టిక్కెట్టునకును సెలవునకును పట్టు కాలమును కూర్చినచో ఒకటిన్నర దినము. సెలవు గాని, మాఱవలసిన విమానము గాని తప్పినచో రెండు దినములు దాటును. దుబాయివాని రాక పలుమాఱు యజమాని యిచ్చు సెలవును బట్టి యుండును.

కావున నా మనవి యిది. ఈ మాట తల్లిదండ్రులు బ్రతికియుండగనే, ఆరోగ్యముగ నుండగనే, పిల్లలతో చెప్పవలెను. "నా కొఱకు నిలుపుడు" అనియో, "నిలుపవలదు, తమ్ముని కొడుకు చేత కానిండు, నీవు తరువాత వచ్చి నాలుగు దినములు అమ్మకు తోడుండుము" అనియో స్పష్టముగ చెప్పినచో, ఆ దినమున బంధువులు తగవులాడుట తప్పును. నిలిపినను దోషము లేదు, నిలుపకున్నను దోషము లేదు. కాని రాలేనివానిని "డబ్బుకై యమ్ముడుపోయినవాడు" అని జీవితాంతము నిందించుట దోషము. దగ్గఱ నుండి సేవచేసిన చెల్లెలిని, "అన్న వచ్చువఱకు నాగలేకపోయితివా" అని నిష్ఠూరమాడుటయు దోషమే. ఇరువురిలో నెవరును ఆ దూరమును కల్పింపలేదు.

పోవు పెద్దలకు, అనగా కూతురి పురిటికనియో మనుమని చూచుటకనియో మొదటిసారి విమాన మెక్కువారికి, ఒకటి రెండు సూచనలు చేసి ముగింతును. పదునైదు గంటలు కాళ్ళు వ్రేలవేసి కదలక కూర్చున్నచో కాళ్ళలో రక్తము గడ్డకట్టు ప్రమాద మున్నది. గంట రెండు గంటల కొకసారి లేచి నడువవలెను, నీరు త్రాగుచుండవలెను. నిత్యము వేసికొను మందులను పెద్ద పెట్టెలో గాక చేతిసంచిలో నుంచుకొనవలెను. వైద్యుని చీటియు దానితోనే యుండవలెను. మధుమేహమునకు మందు వేసికొనువారు గడియారము మాఱుటచే మందు వేళలెట్లు మార్చుకొనవలెనో ముందే వైద్యు నడిగి తెలిసికొనవలెను. నడుమ విమానము మాఱుటకు కనీసము మూడు గంటల వ్యవధి గల టిక్కెట్టును కొనుట మేలు. గంటన్నర వ్యవధిలో భాష రాని విమానాశ్రయమున పరుగెత్తుట వయసు మీఱినవారికి తగినది గాదు. అచ్చట దిగిన పిదప మూడు నాలుగు దినములు పగలు నిద్ర, రాత్రి మెలకువ పట్టుట సహజము. అది రోగము గాదు. దేహములోని గడియార మింకను నర్సాపూరు వేళనే చూపుచున్నదని మాత్రమే దాని యర్థము.

వేయి యామడల దారిని పదునాఱు గంటలకు తెచ్చినవారికి మనము కృతజ్ఞులము. ఆ పదునాఱు గంటల దారిని సెలవు లేక, ముద్ర లేక, అప్పు తీఱక రెండేండ్లు చేసికొన్నవారు మన యూళ్ళలోనే యున్నారని మఱవకుందము. ఎంత దూరమని యెవరైన నిక నడిగినచో మైళ్ళు చెప్పుడు, గంటలు చెప్పుడు, పిమ్మట, "మీవా డెప్పుడు రాగలడు?" అని కూడ నొకమాట యడుగుడు. ఆ యింటి దూర మప్పుడు గాని తెలియదు.